పాత చక్రము, క్రొత్త పట్టా

కొంతకాలము క్రిందట మా మిత్రులొకరు 1960వ దశకమునాటి విదేశీ స్పోర్ట్సు కారునొకదానిని సంపాదించిరి. కారు చక్కగా నడచుచుండెను గాని దాని చక్రములు దానివి కావు. పూర్వపు యజమానులలో ఎవరో అసలు చక్రములను తీసివేసి మామూలు ఇనుప చక్రములను బిగించియుండిరి. ఆ కారుతో కూడ కర్మాగారమునుండి వెలువడినవి మిశ్రలోహపు చక్రములు. జనులు అల్లాయ్ వీల్సు అని పిలుచునవి. వానికొరకు మిత్రులు చాలకాలము వెదకి, కడకు ఒక దూరపు వర్తకుని వద్ద ఐదింటిని కొనిరి. నాలుగు కారునకు, ఒకటి అక్కరకు. క్రొత్త రంగుతో అవి తోమిన వెండిపళ్ళెములవలె మెరయుచుండెను.

గుంటూరులో లేతు పనిచేయు ఒక వృద్ధుని కొట్టమునకు వానిని తీసికొనిపోయిననాడు మేమును వెంట నుంటిమి. ఆయన ముందువైపు చూడనేలేదు. ఒక్కొక్క చక్రమును బోర్లించి వెనుకవైపు వ్రేలితో తడవి చూచెను. నాలుగవదాని వద్ద ఆగి, రంగును కరగించు ద్రావకమును పూసెను. కొంతసేపటికి రంగు పొక్కులెత్తి ఊడినది. ఆకు మొదట, అది నడిమి భాగముతో కలియుచోట, వ్రేలెడు పొడవున వెల్డింగు గీత బయటపడెను. “ఇది రంగు పూసుకుందండీ, బాగుపడలేదు” అని ఆయన చక్రమును ప్రక్కన పెట్టెను. మిత్రుల ముఖము వాడిపోయినది. “అయితే ఇది అసలు చక్రము కాదా?” అని వారడిగిరి. “అసలుదేనండీ. అదే వచ్చిన చిక్కు” అని వృద్ధుడు జవాబిచ్చెను.

ఆ మాట మమ్ము చాల దినములు వెంటాడినది. అసలు చక్రమనగా నేమి? దానిలో దేనిని మార్చవచ్చును, దేనిని ముట్టరాదు? ఈ ప్రశ్న కారులు గలవారికి క్రొత్తదేమో గాని గుంటూరు సీమకు క్రొత్తది కాదు. ఇచ్చటి రైతులును, వడ్రంగులును, కమ్మరులును తరతరములుగా ఈ ప్రశ్నతోనే జీవించిరి. కావున కారు చక్రమును కొంతసేపు గోడకు ఆనించి, మన నేలపై చక్రము నడచిన త్రోవను ఒకమారు చూతము.

ఇచ్చట గుంటూరు సీమ యనగా ప్రత్తియు మిరపయు పండెడు మైదానమంతయు నని మా భావము. దాని దక్షిణభాగము 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశము పంతులుగారి పేరు దాల్చినది. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడినవి. ఎల్లలు మారినను నేల మారలేదు.

ఈ సీమలో మనకు తెలిసిన ప్రాచీన చక్రములలో గొప్పది కదలని చక్రము. పల్నాటిలో కృష్ణ యొడ్డున, నాగార్జునకొండ వద్ద, క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల యేలుబడియందు మహాచైత్యము వెలసినది. వీరపురుషదత్త మహారాజు మేనత్త చాంతిసిరి దాని నిర్మాణమునకు పూనుకొన్నట్లు శాసనములు తెలుపుచున్నవి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు దొర అచ్చట త్రవ్వకములు జరిపించినపుడు ఒక వింత బయటపడెను. 106 అడుగుల అడ్డుకొలత గల ఆ స్తూపము లోపల గట్టి ఇటుకదిమ్మ కాదు. నడుమ నాభి, నాభినుండి నలుదెసలకు ఆకులు, చుట్టును వలయములు, అన్నియు ఇటుకగోడలే. గోడల నడుమనున్న గదులను మట్టితో నింపిరి. పైన ఇటుక కప్పి సున్నము పూసిరి. చూచువారికి కనబడినది తెల్లని గుండ్రని మేను. బరువును మోసినది లోనున్న చక్రము. ఇటుక ఎచ్చట కావలెనో అచ్చటనే పెట్టి, అక్కరలేనిచోట మానివేసిరి. చక్రమును కనిపెట్టిన బుద్ధి యంతయు ఇందే కలదు.

ఆ స్తూపమునకును ఒక బాగుచేత తటస్థించినది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరము ఆనకట్టకు పునాదిరాయి పడినది. లోయ మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు పెద్దయెత్తున త్రవ్వకములు సాగించి, కొన్ని కట్టడములను కొండపైకి తరలించి మరల నిర్మించిరి. మరికొన్నిటికి నమూనాలు కట్టిరి. ఇప్పుడు ఆ కొండ జలాశయము నడుమ దీవియైనది. అచ్చటికి పడవలో పోయిన యాత్రికుడు నేడు చూచునది అసలు చైత్యమా, కాదా? ఇటుక మారియుండవచ్చును, నేల మారినది. చక్రపు పొందిక మాత్రము నిలిచినది. మా మిత్రుల ప్రశ్నయే ఇచ్చటను మరొక వేషమున కనబడుచున్నది.

ఇక కదలెడు చక్రమునకు వత్తము. నల్లరేగడి స్వభావము రైతులకు చెప్పనక్కరలేదు. వాన పడిన నీటిని పీల్చి ఉబ్బును, జిగురగును. ఎండినపుడు కాలు దూరునంత నెఱ్ఱెలు విచ్చును. ఆ మట్టిలోని సన్నని బంకరేణువులు నీటితో పెరిగి, ఎండతో క్రుంగుటయే ఇందుకు కారణము. ఇట్టి నేలపై చిన్న చక్రము నెఱ్ఱెలో దిగబడును, అడుసున మునుగును. పెద్ద చక్రము నెఱ్ఱెను దాటిపోవును. అందుచేత ఒంగోలు ఎద్దులు లాగిన బండ్లకు అయిదడుగుల ఎత్తు వరకు గల చక్రములు అమర్చుట పరిపాటి యయ్యెను. ప్రత్తి బోరెములును మిరప బస్తాలును పొలమునుండి ఊరికి, ఊరినుండి అంగడికి, కాలువరేవునకు, రైలు స్టేషనునకు ఈ చక్రములమీదనే పోయెను. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగి, అచ్చటి ప్రత్తి ఇంగ్లాండుకు చేరకుండుటచే మన ప్రత్తికి గిరాకి పెరిగిననాడు బండ్లకును పని పెరిగినది. 1899లో మద్రాసు, బెజవాడల నడుమ ఒంగోలు మీదుగా రైలుమార్గము కలిసినది. అయినను పొలమునకు రైలు రాదు గదా. పొలమునకును స్టేషనునకును నడుమ బండియే నిలిచినది.

ఆ చక్రపు నిర్మాణము చూడుడు. నడుమ నాభి. దానిలో గ్రుచ్చిన ఆకులు, తరచుగా పన్నెండు. ఆకుల కొనలను కలుపుచు వంపు చెక్కముక్కలు ఆరు, వానిని పూటీలందురు. ఒక్కొక్క పూటీకి రెండేసి ఆకులు. నాభిలోనుండి ఇరుసు, ఇరుసు కొనకు సీల. సీల చిన్నదే గాని అది జారిన చక్రము ఊడిపోవును. చక్రమునకు నల్లతుమ్మ చేవ మేలైనది. గట్టిది, త్వరగా పగులనిది. ఇంతవరకు వడ్రంగి పని. ఇన్ని ముక్కలను ఒక్కటిగా బిగించి పట్టునది కమ్మరి వేసెడు ఇనుపపట్టా.

పట్టా వేయుట చూచినవారు మరువజాలరు. కమ్మరి చక్రపు చుట్టుకొలతను తీసి, పట్టాను దానికన్న కొంచెము చిన్నదిగా చేయును. దానిని నేలపై పరచి, చుట్టును పిడకలు పేర్చి నిప్పంటించును. ఇనుము ఒక్కొక్క డిగ్రీ వేడికి లక్షవంతులలో 1.2 వంతు చొప్పున పెరుగును. అయిదడుగుల చక్రపు చుట్టుకొలత 188 అంగుళములు; వేడి 400 డిగ్రీలు పెరిగిన పట్టా ఇంచుమించు 0.9 అంగుళము సాగును. అంతవరకు పట్టనిది అప్పుడు పట్టును. ముగ్గురు నలుగురు పట్టకారులతో ఎత్తి చక్రముపై వేసి సమ్మెటలతో కొట్టి దింపుదురు. కొయ్య అంటుకొని పొగ లేచును. వెంటనే కుండలతో నీళ్ళు పోయుదురు. ఇనుము చుట్టుకొనుచు పూటీలను ఆకులపైకి, ఆకులను నాభిలోనికి నెట్టును. కీళ్ళు కిర్రుమని బిగియును. మేకులు పట్టుకొనజాలని బలమును చల్లారిన ఇనుము పట్టుకొనును.

ఈ చక్రమునకు జబ్బులును కలవు. ఎండకాలమున కొయ్య ఎండి క్రుంగగా పట్టా వదులగును. రైతు చక్రమును రాత్రి చెరువులో నానవేయును. కొయ్య ఉబ్బి తాత్కాలికముగా బిగియును. అది చాలనినాడు కమ్మరి పట్టాను ఊడదీసి, కొంత ముక్క కోసి, మరల అతికి, కాల్చి వేయును. పట్టా అరిగి పలుచనైన క్రొత్తది వేయును. పూటీ ఒకటి పగిలిన వడ్రంగి దానిని మార్చును. ఈ పనులకు రొక్కము కాక, పంట చేతికి వచ్చినపుడు కళ్ళములో ధాన్యపు మేర కొలుచుట పూర్వాచారము. అనగా చక్రమును బాగుచేయుట ఏనాడో ఒకనాటి బేరము కాదు. ఏడాది పొడవునను సాగెడు బాంధవ్యము. బాగుచేసిన చక్రము విరిగిన, రేపు కళ్ళములో ముఖము చూపవలసినవాడు ఆ కమ్మరియే.

అయితే ఈ బాగుచేతలో ఒక నియమము కలదు. పట్టా ఎన్నిమార్లైన మారవచ్చును. పూటీ మారవచ్చును. కాని నాభి పగిలిననాడు ఏ మంచి వడ్రంగియు దానికి రేకు చుట్టి మేకులు కొట్టి ప్రత్తిబండికి తిరిగి ఇయ్యడు. ఆ చక్రమును విప్పి, పనికివచ్చు ఆకులను వేరొకదానికి వాడును. అరుగుటకై ఉన్న భాగము వేరు, మోయుటకై ఉన్న భాగము వేరు. మొదటిది మారినను చక్రము పాతదే. రెండవది పాడైన దానికి పేరు మాత్రమే మిగులును. మన గ్రామములలో ఎవరును దీనిని గ్రంథములలో వ్రాయలేదు. కాని ప్రతి కొలిమివద్ద ఇది తెలిసిన సంగతియే.

ఇంతలో గాలి నింపిన టైరు వచ్చినది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై చేసిన ఏర్పాటు లోకమంతట వ్యాపించెను. ఆయన పేరు గల కంపెనీ 1936లో వంగదేశమున సాహాగంజులో కర్మాగారము స్థాపించెను. తరువాత ఎద్దుబండ్లకు టైరు చక్రములు రాగా, ఏ కంపెనీ టైరైనను జనులు దానిని డన్లప్ బండి యనిరి, టైరుబండి యనిరి. ఇనుపపట్టా తారురోడ్డును కోయును, టైరు కోయదు. చదునైన రోడ్డుపై ఎద్దుల శ్రమ తగ్గినది, బరువు ఎక్కువ పట్టినది. ఒక్కటే చిక్కు, చక్రము చేయుటకు మేలైన ఆ తుమ్మచెట్టే ఇప్పుడు ముల్లుతో టైరుకు శత్రువైనది.

క్రొత్త టైరు చక్రములు అందరికి అందునవి కావు. కావున పాత మోటారుబండ్ల ఇరుసులను, చక్రములను కొని, బాగుచేయించి బండికి అమర్చు వాడుక వచ్చినది. మోటారు మరమ్మతు పనివారు ఒకచోట చేరి పేటలుగా ఏర్పడిరి. కృష్ణకు ఆవలనున్న విజయవాడలో 1966లో జవహర్ ఆటోనగరు వెలసినది. గుంటూరునకును తన ఆటోనగరు కలదు. పాత ఇనుప చక్రమును ఏరుకొనువాడు మూడు సంగతులు చూచును. అంచు వంగినదా? తుప్పు రేకును తినినదా? బోల్టు రంధ్రముల చుట్టును సన్నని చీలిక కలదా? అంచు వంగినది సుత్తికి లొంగును. పైతుప్పు గోకిన పోవును. బోల్టు రంధ్రమునుండి బయలుదేరిన చీలిక గల చక్రమును తెలిసినవాడు ఉచితముగా ఇచ్చినను తీసికొనడు. కొయ్య పోయి ఇనుము వచ్చినది. నియమము మాత్రము అదే.

1979లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటునకు చెందిన ఎన్.ఎస్. రామస్వామిగారు ఎద్దుబండ్లను గూర్చి పెద్ద నివేదిక వెలువరించిరి. నాడు దేశమున సుమారు 1.5 కోట్ల పశుశకటములు కలవని అంచనా. బండిని తోసిపుచ్చుట కాదు, దాని చక్రమును, బేరింగును, కాడిని మెరుగుపరచవలెనని వారి వాదము. అయితే కాలము వేరుత్రోవ పట్టినది. నేడు గుంటూరు మిరప యార్డునకు సరకు వచ్చుట ట్రాక్టరులమీదను లారీలమీదను. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అన్న సామెత మన కళ్ళయెదుట నిజమైనది. కొయ్యచక్రములు కొన్ని హోటళ్ళ ముంగిట అలంకారములైనవి. వానికి వార్నీషు కలదు; బరువు లేదు.

ఇప్పుడు గోడకు ఆనించిన కారు చక్రమును చేతికి తీసికొందము. ఎద్దుబండికి స్ప్రింగులు లేవు. గతుకు తగిలిన బండియంతయు లేచి పడును. కారునకు స్ప్రింగులు కలవు. గతుకు తగిలిన చక్రము లేచును, పైనున్న మేను నిలుకడగా నుండును. అయితే చక్రము బరువైన అది లేచిన వేగముతో తిరిగి నేలను అందుకొనలేదు. నేలను విడిచిన చక్రము మలుపును తిప్పలేదు, బ్రేకును పట్టలేదు. వేగమే ప్రాణమైన స్పోర్ట్సు కారునకు తేలిక చక్రము ఇందుచేత కావలసివచ్చినది.

1924 ఆగస్టులో ఫ్రాన్సు దేశమున లియాన్ నగరము వద్ద జరిగిన గొప్ప పందెమునకు బుగాటీ కంపెనీవారు తమ 35వ నమూనా కారులను తెచ్చిరి. వాని చక్రములు పోతపోసిన అల్యూమినియపు చక్రములు; ఎనిమిది వెడల్పాటి ఆకులు, బ్రేకు డ్రమ్ము చక్రముతో కలిసియే యున్నది. ఆనాటి పందెమున టైరులు చెడి వారికి జయము దక్కలేదు గాని, ఆ చక్రము మాత్రము చరిత్రకెక్కినది. తరువాత పందెపుకారులకు అంతకన్న తేలికయైన మెగ్నీషియపు చక్రములు వచ్చినవి. 1966లో జర్మనీలో ఫుక్స్ కంపెనీవారు అల్యూమినియమును పోతపోయక, అచ్చులలో అదిమి మలచిన చక్రములను పోర్షే 911 ఎస్ కారునకు అందించిరి. నీటికన్న ఇనుము 7.87 రెట్లు, అల్యూమినియము 2.7 రెట్లు, మెగ్నీషియము 1.74 రెట్లు బరువు. లోహమెంత తేలికయో, దానిని ఎచ్చట ఉంచవలెనను లెక్క అంత సూక్ష్మము. నాగార్జునకొండ ఇటుకపనివాని లెక్కయే ఇది. ఇప్పుడది గంటకు నూరు మైళ్ళ వేగమున తిరుగుచున్నది.

ఇట్టి అసలు చక్రమును కొనువాడు మొదట వెనుకవైపు చూడవలెను. కర్మాగారపు గుర్తు, వెడల్పు అడ్డుకొలతల అంకెలు, పలువాటికి పోతపోసిన తేది అచ్చటనే యుండును. కారు పుట్టిన సంవత్సరమునకు ఆ తేది పొసగవలెను. బోల్టు రంధ్రముల వలయపు కొలత, చక్రము లోనికి బయటికి నిలుచు దూరము సరిపోవలెను; చూపులకు ఒక్కటిగా నున్న చక్రము ఈ దూరమున కొంచెము తేడా యున్నను బేరింగును తినివేయును, లేదా టైరు మేనికి రాచుకొనును. ఆ చక్రమునకై చేసిన నట్లే కావలెను. నట్టు కూర్చుండు గుంట శంఖాకారమైన శంఖాకారపు నట్టు, గోళాకారమైన గోళాకారపు నట్టు. బండికి సీల యెట్టిదో కారునకు నట్టు అట్టిది. అన్నిటికన్న ముఖ్యము, క్రొత్తగా రంగు పూసిన పాత చక్రమునకు ఎక్కువ వెల ఇయ్యరాదు. రంగు రాలి మాసియున్న చక్రము తన గాయములను దాచుకొనదు.

కొన్న పిమ్మట బాగుచేత. పాత రంగును ద్రావకముతో తీయుట మంచిది; ముతక ఇసుకతో కొట్టిన మెత్తని లోహము చెక్కుకుపోవుటయే గాక, సన్నని చీలికల నోళ్ళు మూసుకొనిపోవును. తరువాత చొచ్చుకొనిపోవు ఎఱ్ఱరంగు ద్రవమును పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లుదురు. చీలిక యున్నచో అందులో దాగిన ఎఱ్ఱరంగు పొడిపైకి ఉబికి గీతగా కనబడును. పిదప చక్రమును ఇరుసుపై త్రిప్పి, ప్రక్కకు ఊగుచున్నదా, పైకి క్రిందికి ఎగురుచున్నదా యని కొలత గడియారముతో చూతురు.

ఇచ్చట మన కమ్మరి విద్య కొంతవరకు దారి చూపును. కొంతవరకు దారి తప్పించును. కమ్మరి ఇనుపవేడిని కంటితో చదువును. ముదురెరుపు, నారింజ, పసుపు, తెలుపు. రంగు చూచి సమ్మెట ఎత్తును. అల్యూమినియము అట్లు చెప్పదు. అది 660 డిగ్రీలకు కరగును. పట్టపగలు చూచువానికి ఎఱ్ఱబారకయే కరగి క్రుంగిపోవును. అంతకుముందే దాని బలము పోవును. పోత చక్రములలో తరచుగా వాడు మిశ్రలోహమున అల్యూమినియముతో సుమారు నూటికి 7 వంతులు సిలికాను, కొద్దిగా మెగ్నీషియము ఉండును. దానిని ఇంచుమించు 540 డిగ్రీల వద్ద ఉంచి, నీట చల్లార్చి, మరల 150 నుండి 170 డిగ్రీల వద్ద కొన్ని గంటలు పండబెట్టిన గాని చక్రమునకు తగిన బిగువు రాదు. వెల్డింగు మంట తగిలినచోట ఆ బిగువు విడిపోవును. గీత మూసుకొనును, పైన ఆకురాయి పట్టించిన నునుపగును, రంగు పూసిన అందమగును. కాని దాని ప్రక్కనున్న లోహము మెత్తబడి, మరుగతుకు కొరకు కాచుకొనియుండును. అంచున చిన్న గంటు పడినచో తెలిసిన పనివారు పూడ్చుట కలదు. ఆకు మొదటను, నాభివద్దను, బోల్టు రంధ్రములవద్దను చీలిక యున్న, ఆ చక్రపు రోడ్డుజీవితము ముగిసినదనియే భావింపవలెను. తుదిని వేయు పొడిరంగును కొలిమిలో 180 నుండి 200 డిగ్రీల వరకు కాల్చుదురు. ఇది చక్రమును పండబెట్టిన వేడికి మించినది గనుక, ఎంత వేడి, ఎంతసేపు అని అడిగి తెలిసికొనుట కొనువాని హక్కు.

మెగ్నీషియపు చక్రముల విషయమున మరింత జాగ్రత్త వలయును. వాని రజను నిప్పంటుకొన్న దానిపై నీరు పోయరాదు, మంట విజృంభించును. బండిపట్టాను బిగించిన కుండెడు నీళ్ళే ఇచ్చట ప్రాణాపాయము. పైపూత చెదిరిన ఈ లోహమును తేమ త్వరగా తినివేయును. చీరాల, బాపట్ల వైపు ఉప్పుగాలి తగులు ఊళ్ళలో అల్యూమినియము సయితము ఇనుపబోల్టు తాకినచోట తెల్లగా పొంగి గుంటలుపడును; రెండు లోహములు ఉప్పునీటితో కలిసిన ఒకటి కరగుట ప్రకృతి. ఎంత మంచి చక్రమైనను ఏటేట కడిగి, విప్పి, చూచుకొనువాని చేతనే నిలుచును. పూర్వము ధాన్యపు మేరతో సాగిన బాంధవ్యము ఇచ్చటను అక్కర కలదు.

2021 జులైలో కేంద్రప్రభుత్వమువారు పురాతన వాహనములకై ప్రత్యేక నియమములు ప్రకటించిరి. యాబది సంవత్సరములు దాటి, పెద్ద మార్పులు లేక తొలిరూపమున నిలిచియున్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు వేరుగా రిజిస్ట్రేషను వరుస ఏర్పడినది. కావున అసలు రూపమనునది ఇక ఇష్టాఇష్టముల ముచ్చట మాత్రమే కాదు. చట్టము పలికెడు మాట. దీనివలన అసలు చక్రములకు గిరాకి పెరుగుటయు, గిరాకితో పాటు రంగు క్రింద దాచిన గాయములు పెరుగుటయు సహజము. అందుచేతనే ఈ సంగతిని శ్రోతల యెదుట పెట్టవలసివచ్చినది. తొలిరూపమును కాపాడుట మంచిదే. కాని తొలిరూపము రోడ్డుపై పోవు పాదచారి ప్రాణమునకు బదులు కారాదు. చక్రము ఊడిననాడు అది ఎవరి కర్మాగారపు గుర్తు మోయుచున్నదో ఎవరును చూడరు.

మన మైదానపు చక్రచరిత్ర చెప్పునది ఇంతే. పట్టా మారవచ్చును, టైరు మారవచ్చును, రంగు మారవచ్చును. అవి మారుటకే ఉన్నవి. అవి మారినందున చక్రము అసలుది కాకపోదు. మోయు భాగమును మోసపుచ్చరాదు. అది చెడినదని ఒప్పుకొనుటయు బాగుచేతలో ఒక భాగమే.

మా మిత్రులు ఆ మాట ఒప్పుకొనుటకు కొన్ని దినములు పట్టినది. వెచ్చించిన ధనము తక్కువది కాదు. వెదకిన కాలము అంతకన్న ఎక్కువ. తుదకు నాలుగు చక్రములు పరీక్షలన్నియు తట్టుకొని, క్రొత్త పూతతో కారునకెక్కినవి. అదనపు చక్రముగా పెట్టెలో మామూలు ఇనుప చక్రము నొకదానిని ఉంచుకొనిరి. వెల్డింగు గీత గల చక్రమును వృద్ధుడు తన కొట్టపు గోడకు వ్రేలాడదీయ కోరెను. వారు సంతోషముతో ఇచ్చిరి. దానికి మరల రంగు వేయలేదు. పని నేర్చుకొనుటకు వచ్చిన కుర్రవాండ్రకు ఆయన మొదట ఆ గీతను చూపించునట.